కనిపించని ఊళ్ల వెంట ఆరు రోజులు

మొదటి రోజు: బార్ హిల్

అమ్మాయి వాళ్ల ఇల్లు కేంబ్రిడ్జికి వాయవ్యంగా, బార్ హిల్‌లో. ఊరు అంటున్నాను గాని, 1960ల్లో కాగితం మీద గీసుకుని కట్టిన కాలనీ అది. ఇంటి నుంచి కొంచెం నడిస్తే ఏ14 రహదారి. రాత్రంతా దాని హోరు సముద్రం ఒడ్డున పడుకున్నట్టు వినిపించింది.

"నిద్ర పట్టిందా నాన్నా?" అంది అమ్మాయి పొద్దున్నే కాఫీ ఇస్తూ.

పట్టకేం? ముప్ఫై రెండేళ్లు రోడ్ల పనిలో ఉన్నవాణ్ని. లారీల చప్పుడు ఆగిపోతేనే నాకు మెలకువ వస్తుంది.

"లండన్ చూపిస్తాను మామయ్య గారూ" అని అల్లుడు రెండు నెలలుగా అడుగుతున్నాడు. నాకు ఈ రోడ్డు చూడాలని ఉందని చెప్పాను. రోజూ ఆఫీసుకు వెళ్లే రోడ్డులో చూడటానికి ఏముందో ఆ అబ్బాయికి అర్థం కాలేదు. నిజానికి అతను అన్నదే సరైనది. నేను చూడాలనుకున్నది రోడ్డు మీద లేదు, దాని అడుగున ఉండేది. ఇప్పుడు అక్కడా లేదు.

కేంబ్రిడ్జి నుంచి హంటింగ్‌డన్ దాకా ఏ14ను 34 కిలోమీటర్ల మేర బాగుచేశారు. కొంత దూరం పాత రోడ్డునే వెడల్పు చేశారు, హంటింగ్‌డన్‌కు దక్షిణంగా కొత్త బైపాస్ వేశారు. ఖర్చు 150 కోట్ల పౌండ్లు. 2016 నవంబరులో పని మొదలై 2020 మే నాటికి మొత్తం రోడ్డు తెరుచుకుంది, అదీ గడువు కంటే ముందే. ఇంతవరకు ఏ ఇంజనీరైనా గర్వంగా చెప్పుకునే సంగతే. నన్ను ఇంత దూరం లాక్కొచ్చినది మరో లెక్క. రోలరు దిగే ముందు 33 చోట్ల, 350 హెక్టార్లకు పైగా, అంటే మన లెక్కలో 860 ఎకరాలు దాటిన నేలను పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వి చూశారు. ఒక దశలో 250 మంది పనిచేశారు. దేశంలో ఇంత పెద్ద తవ్వకాలు అరుదు.

మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు నాకు కలిగినది గౌరవం కాదు, చెమట. నా పనిలో కంకర లారీ రెండు రోజులు ఆలస్యమైతే పైవాళ్లకు సంజాయిషీ రాసుకునేవాణ్ని. 250 మంది తాపీలూ కుంచెలూ పట్టుకుని నా అలైన్‌మెంట్ మీద, అంటే రోడ్డు వెళ్లాల్సిన గీత మీద, మోకాళ్లూని కూర్చుంటే నేను ఆ రోజే సెలవు చీటీ రాసేవాణ్ని.

సాయంత్రం మనవరాలితో కలిసి రహదారి మీది కాలినడక వంతెన ఎక్కాను. వెడల్పు పనితో పాటే కట్టిన వంతెన అది, నడిచేవాళ్లకు, సైకిళ్లకు. కింద ఒక్కో వైపు నాలుగేసి వరుసలు. ఈ పరిసరాల్లో జరిగిన తవ్వకంలోనే ఒక దువ్వెన దొరికింది. మనిషి పుర్రె ఎముకతో చేసినది, రెండు వేల ఏళ్లు దాటిన ఇనుపయుగం నాటిది. దాని పళ్లు అరగలేదట, అంటే తల దువ్వుకోలేదు. ఒక రంధ్రం ఉంది కాబట్టి తాయెత్తులా మెడలో వేసుకుని ఉండొచ్చని అనుకుంటున్నారు. ఇలాంటివి బ్రిటన్ మొత్తం మీద మూడే దొరికాయి, మూడూ ఈ కేంబ్రిడ్జిషైర్‌లోనే.

"ఎవరి పుర్రె తాతయ్యా?" అంది పిల్ల.

"వాళ్ల తాతదేమో" అన్నాను. అది నవ్వలేదు. ఇంటికి వెళ్లేదాకా నా తలకేసి చూస్తూనే ఉంది.

నేనూ ఒక రాయిని కదిలించాను. 1993లో, అనంతపురం జిల్లాలో. ఒక పల్లె రోడ్డు వెడల్పు చేస్తుంటే అంచున వీరగల్లు, అంటే పోరులో పోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, అడ్డం వచ్చింది. కత్తి ఎత్తిన మనిషి బొమ్మ, పైన సూర్యచంద్రులు, పసుపు పూసి పూసి ముఖం కనిపించకుండా పోయింది. ఊరివాళ్లతో మాట్లాడి, టెంకాయ కొట్టించి, ట్రాక్టరుకు గొలుసు కట్టి ఆంజనేయస్వామి గుడి పక్క వేపచెట్టు కిందికి చేర్చాం. ఎవరికీ బాధ కలగలేదు. పని బాగా చేశాననే చాలా ఏళ్లు అనుకున్నాను.

రెండో రోజు: బ్రూక్‌లాండ్స్ అవెన్యూ

కేంబ్రిడ్జి బస్సెక్కాను. బస్సు వెళ్లే హంటింగ్‌డన్ రోడ్డు రోమన్లు వేసిన దారి. కేంబ్రిడ్జి నుంచి గాడ్‌మాంచెస్టర్ దాకా గీత గీసినట్టు పోతుంది. ఆ గీత మీదే ఇన్ని శతాబ్దాలుగా ఒకరి తర్వాత ఒకరు మట్టి పోసుకుంటూ వచ్చారు. రోమన్ సర్వేయరు ఎవరో గాని ఆయనకు ఒక నమస్కారం. అలైన్‌మెంట్ కుదిర్చినవాడే అసలు ఇంజనీరు, తక్కినవాళ్లమంతా తారు పోసేవాళ్లం.

నేను వెళ్లినది బ్రూక్‌లాండ్స్ అవెన్యూలోని ఏన్షియంట్ ఇండియా అండ్ ఇరాన్ ట్రస్టుకు. చెట్ల మధ్య పాతకాలపు ఇల్లు, లోపల గోడ కనిపించకుండా పుస్తకాలు. 1978లో దీన్ని స్థాపించినవారిలో పురావస్తు శాస్త్రజ్ఞుడు రేమండ్ ఆల్చిన్, ఆయన భార్య బ్రిడ్జెట్ ఉన్నారు. తెలుగువాళ్లం ఆ పేరు మరిచిపోకూడదు. 1957లో ఆల్చిన్ పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో బూడిద దిబ్బను తవ్వారు (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, మక్తల్ వైపుది). ఆ దిబ్బ ఏమిటో అంతకు ముందు రకరకాలుగా చెప్పుకునేవారు. రాక్షసుల ఎముకల బూడిద అనేవారు, అగ్నిపర్వతం అనేవారు. ఆల్చిన్ తేల్చినది వేరు. అది నాలుగు వేల ఏళ్లకు పూర్వపు పశువుల దొడ్డి. పేడ పేరుకోవడం, దాన్ని కాల్చడం, మళ్లీ దొడ్డి కట్టడం, అలా పొరలు పొరలుగా పెరిగింది. బూడిదలో గొడ్ల గిట్టల ముద్రలు అలాగే మిగిలాయి.

ఆ తవ్వకం గురించి ఆయన రాసినది అక్కడే కూర్చుని చదివాను. మా వైపు ఇలాంటి దిబ్బలను, పాత ఊళ్లు కూలిన చోట్లను పాటిదిబ్బలంటారు. వేసవి వస్తే రైతులు బండ్లు కట్టుకుని వచ్చి పాటిమన్ను పొలాలకు తోలుకుంటారు, మంచి ఎరువు. మేమూ తక్కువవాళ్లం కాదు. రోడ్డు కట్టకు మట్టి ఎక్కడ దగ్గరగా దొరికితే అక్కడి నుంచే తీసేవాళ్లం. ఎస్టిమేట్‌లో మట్టి తెచ్చే దూరానికి రేటు ఉంటుంది. మట్టి వయసుకు ఉండదు.

మధ్యాహ్నం తర్వాత ఊరు తిరిగాను. కాలేజీలు బాగున్నాయి.

మూడో రోజు: సెయింట్ ఐవ్స్, ఫెన్‌స్టాంటన్

అల్లుడు లాంగ్‌స్టాంటన్‌లో దింపాడు. అక్కడి నుంచి సెయింట్ ఐవ్స్‌కు గైడెడ్ బస్సు. ఎత్తేసిన రైలు మార్గం మీద కాంక్రీటు గాడి వేసి 2011లో బస్సులు మొదలుపెట్టారు. గాడిలోకి ఎక్కాక డ్రైవరు స్టీరింగు మీద చేయి వేయనక్కరలేదు. ముందు సీట్లో కూర్చుని ఆ పని నాణ్యతను చూస్తూ, అసూయ అనేది ఎలాంటి జబ్బో అనుభవించాను.

సెయింట్ ఐవ్స్‌లో గ్రేట్ ఊజ్ నది మీద 15వ శతాబ్దపు రాతి వంతెన, వంతెన మధ్యలో చిన్న ప్రార్థనాలయం. వంతెన మీద గుడి కట్టడం ఇంగ్లండ్‌లో ఇప్పుడు నాలుగైదు చోట్ల మాత్రమే మిగిలిందట. నది పక్కనే నోరిస్ మ్యూజియం. చిన్నదే. చుట్టుపక్కల పొలాల్లో దొరికిన చెకుముకి రాతి పనిముట్లు, రోమన్ కుండలు. పెద్ద మ్యూజియాల కంటే నాకు ఇలాంటివే ఇష్టం. వస్తువు దొరికిన పొలం కిటికీలోంచి కనిపిస్తుంటుంది.

అక్కడి నుంచి ఫెన్‌స్టాంటన్‌కు నడిచాను. నది దాటి, గడ్డి మైదానాలు దాటి వెళ్లాలి. మోకాళ్లు గుర్తుచేశాయి నా వయసును. ఊళ్లో చర్చి దగ్గర ల్యాన్సిలట్ బ్రౌన్ సమాధి చిహ్నం ఉంది. 18వ శతాబ్దంలో జమీందార్ల కోసం కొండలు కదిలించి, చెరువులు తవ్వి, "సహజమైన" తోటలు తయారుచేసిన మనిషి. మట్టి పని విషయంలో నాకు తాతలాంటివాడు.

ఈ ఊరి దగ్గర రెండు ముఖ్యమైన విషయాలు బయటపడ్డాయి. మొదటిది 2018లో, ఏ14 పనిలో. ఇక్కడ మట్టి తీస్తున్నప్పుడు ఉన్నిఏనుగు (మామత్) ఎముకలు, ఉన్నిఖడ్గమృగం ఎముకలు వచ్చాయి. లక్షా ముప్ఫై వేల ఏళ్ల నాటివి కావచ్చన్నారు. ఆలోచించండి, ఎక్స్కవేటరు డ్రైవరు బకెట్టు దించాడు, పైకి తీశాడు, చూస్తే ఏనుగు. మన దగ్గరైతే ముందు కొబ్బరికాయ కొట్టేవాళ్లం.

రెండోది రోడ్డు పని కాదు, ఇళ్ల పని. 2017లో ఇక్కడ ఇళ్లు కట్టే ముందు జరిపిన తవ్వకంలో రోమన్ల కాలపు చిన్న చిన్న శ్మశానాలు కనిపించాయి. అందులో ఒక మగమనిషి, వయసు 25కూ 35కూ మధ్య. అస్థిపంజరాన్ని తీసి, పెట్టెలో పెట్టి, బెడ్‌ఫర్డ్‌కు పంపారు. అక్కడ ఎముకలు కడుగుతుంటే కుడి మడమ ఎముకలోంచి అడ్డంగా దిగిన ఇనుప మేకు కనిపించింది. శిలువ వేసిన మనిషి. రోమన్లు ఎంతోమందిని శిలువ వేశారని గ్రంథాలు చెబుతాయి, ఎముకల్లో దానికి సాక్ష్యం దొరికిన సందర్భాలు మాత్రం ప్రపంచంలోనే వేళ్ల మీద లెక్కించవచ్చు.

నన్ను పట్టుకున్నది మేకు కాదు, కడగడం. గుంటలో ఉన్నంతసేపు ఆ మట్టి ముద్దలో ఎవరికీ ఏమీ కనిపించలేదు. కనబడలేదు కదా అని ఎవరూ పారేయలేదు. ఎక్కడో ఒక గదిలో ఒకరు బ్రష్షూ నీళ్ల బేసినూ ముందు పెట్టుకుని, వందల ఎముకల్లో ఒకటిగా దాన్ని కడిగారు. మన దగ్గర అలా కడిగే ఉద్యోగానికి పోస్టు మంజూరు చేయించడం ఎలాగో ఊహించుకుంటూ తిరుగు బస్సు ఎక్కాను.

నాలుగో రోజు

వాన. ఎక్కడికీ వెళ్లలేదు. అమ్మాయి కంప్యూటర్‌లో ఏ14 తవ్వకాల సంగతులు చదువుతూ కూర్చున్నాను. మూడు నవీన శిలాయుగపు వలయ కట్టడాలు. కుండలు కాల్చిన 40 రోమన్ బట్టీలు. హౌటన్ దగ్గర 12వ శతాబ్దంలో జనం వదిలేసి పోయిన ఊరు మొత్తం. బీరు కాచినప్పటి మాడు ముక్కలు, క్రీస్తుపూర్వం 400 నాటివి, బ్రిటన్‌లో బీరుకు దొరికిన తొలి ఆనవాలు. ఈ ఆఖరుది పత్రికల్లో అన్నింటికంటే పెద్ద అక్షరాల్లో వచ్చిందని వేరే చెప్పాలా?

మధ్యాహ్నం పకోడీలు. మళ్లీ వాన.

అయిదో రోజు: కంచె పక్కన

ఈ యాత్రలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన రోజు ఇది. అనుకోకుండా వచ్చింది.

పొద్దున్నే తెరిపి ఇచ్చింది. పొలాల మధ్య కాలిబాట పట్టుకుని నడుస్తున్నాను. ఇక్కడ పొలం గట్టు ఎవరిదైనా నడకదారి అందరిదీ, అది ఈ దేశంలో నాకు బాగా నచ్చిన చట్టం. ఒక కంచె అవతల నాలుగెకరాల చేనులో ఒకతను రెండు నిలువు కడ్డీలున్న చట్రాన్ని నడుముకు కట్టుకుని, తాడు వేసిన గీతల వెంట ఒకే వేగంతో అటూ ఇటూ నడుస్తున్నాడు. దుక్కి దున్నుతున్నంత శ్రద్ధగా. ఆ పక్క పొలంలో ఒక యంత్రం పొడవాటి కాలువలాంటి గుంట తీస్తోంది. మెరిసే పసుపు జాకెట్టు వేసుకున్న ఒకావిడ దాని పక్కన వెనక్కి నడుస్తూ చేత్తో సైగలు చేస్తోంది.

టీ విరామంలో ఆవిడ కంచె దగ్గరికి వచ్చినప్పుడు పలకరించాను. యాభై దాటి ఉంటాయి. పాతికేళ్లుగా ఈ పురావస్తు తవ్వకాల పనేనట.

"బంగారం దొరికిందా అని అడగబోతున్నారు కదూ?" అంది.

"లేదు. మీ యంత్రం బకెట్టుకు పళ్లు ఎందుకు లేవని అడగబోతున్నాను" అన్నాను.

ఆవిడ టీ కప్పు పక్కన పెట్టేసింది. అరగంట మాట్లాడుకున్నాం.

పళ్లున్న బకెట్టు నేలను చీరేస్తుంది. పళ్లు లేనిది పొరను వెన్న తీసినట్టు తీస్తుంది. పైమట్టి తీశాక కింద కదలని నేల వస్తుంది. ఎప్పుడో ఎవరో దానిలో తవ్విన గుంట, కందకం, పాతిన గుంజ ఏదైనా వేరే రంగు మచ్చగా కనిపిస్తుంది. గుంజ కుళ్లిపోయి వెయ్యేళ్లయినా ఆ గుంట మచ్చ పోదు. ఆ మచ్చలను చదవడమే సగం విద్య.

అంతకు ముందు జరగాల్సినవి చాలా ఉన్నాయి. మొదట ఆఫీసులో కూర్చుని చేసే పని. పాత పటాలు, జిల్లా పురావస్తు రికార్డు, విమానం నుంచి తీసిన ఫొటోలు. కరువు ఏడు ఈ ఫొటోలకు పండుగ. పూడిపోయిన కందకం మీద మట్టి లోతుగా, చెమ్మగా ఉంటుంది కాబట్టి అక్కడ చేను పచ్చగా, ఏపుగా ఉంటుంది. కూలిన గోడ మీద ముందే పసుపు తిరుగుతుంది. పైనుంచి చూస్తే పొలంలో ఊరి నమూనా గీసినట్టు కనిపిస్తుంది. 2018 వేసవి ఎండకు ఇంగ్లండ్ అంతటా అలా కొత్త ఆనవాళ్లు తేలాయి. పూడ్చిన బావి మీద చేను ఏపుగా పెరుగుతుందని మా నాన్నకూ తెలుసు, కాకపోతే ఆయనకు విమానం లేదు.

తర్వాత ఆ కడ్డీల మనిషి పని. అది నేలలోని అయస్కాంత శక్తిలో తేడాలను కొలిచే పరికరం. మంట మండిన చోటు, పూడిన గుంట చుట్టూ నేల కంటే అతి స్వల్పంగా తేడా చూపిస్తాయి. ఎంత స్వల్పమంటే అతని బెల్టు బకిలు, బూటు రంధ్రాల ఇనుప చుట్టలు కూడా లెక్కను పాడుచేస్తాయి. అందుకని ఆ పనిలో ఉన్నవాళ్లు ఇనుము ముక్క లేకుండా బట్టలు వేసుకోవాలి. "వాడికి పెళ్లి ఉంగరం బంగారంది కాబట్టి సరిపోయింది" అంది ఆవిడ.

ఆ పైన ఇదిగో ఈ గుంటలు. 50 మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, పొలమంతటా చల్లినట్టు. మొత్తం విస్తీర్ణంలో నూటికి రెండు నుంచి అయిదు వంతులు. మట్టి నమూనాలకు మేం తీసే పరీక్ష గుంటల్లాగే అనుకోండి. వీటిలో ఏదైనా తగిలితేనే పెద్ద తవ్వకం. ఏమీ తగలకపోతే అదే రాసి సంతకం పెడతారు. "చాలా రోజులు నేను కనిపెట్టేది కందకం. మర్నాడు ఇంకో కందకం" అంది.

"డబ్బు ఎవరిస్తారు?"

"నేలను చెడగొట్టేవాళ్లే." 1990లో ఇక్కడి ప్రభుత్వం ప్రణాళికా మార్గదర్శకాలు ఇచ్చింది. కట్టదలచుకున్నవాడే ముందు నేలలో ఏముందో తేల్చాలి, పోయేదాన్ని పోయేముందు నమోదు చేయించాలి. అంతకు ముందు ఈ దేశంలోనూ పరిస్థితి మనలాంటిదే. మోటారు రహదారులు పొలాలను కోసుకుంటూ పోతుంటే ముందూ వెనకా ఔత్సాహికులు పరిగెత్తి దొరికినవి ఏరుకునేవారట.

మన చట్టం ఆవిడకు చెప్పాను. 1958 నాటి చట్టం, 2010లో సవరణ. కేంద్రం రక్షించే కట్టడం చుట్టూ 100 మీటర్లు కట్టకూడదు, ఆ పైన మరో 200 మీటర్లు అనుమతి తీసుకోవాలి. మంచి చట్టమే. అయితే అది ఇప్పటికే గుర్తించిన కట్టడానికి కాపలా కాస్తుంది. రోడ్డు వెళ్లే మామూలు చేనును, "నీలో ఏముంది?" అని అడగదు. మనవాళ్లకు చేతకాక కాదు. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయ మొత్తాన్ని తవ్వారు, కట్టడాలను ఊడదీసి నాగార్జునకొండ మీదా అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. శ్రీశైలం ప్రాజెక్టప్పుడు కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి అలంపురం చేర్చారు. జలాశయానికి మనం భయపడతాం, నీళ్లు అందరికీ కనిపిస్తాయి కాబట్టి. రోడ్డు ముంపు ఎవరి కంటా పడదు.

"ఇంత చేశాక అది మిగులుతుందా?" అన్నాను.

"ఏది? లేదు. తవ్వితే పోతుంది. రోడ్డు వేసినా పోతుంది. మేం తవ్వితే కాగితం మిగులుతుంది."

జేబులోంచి ఒక అచ్చు కాగితం తీసి చూపించింది. ప్రతి పొరకూ, ప్రతి గుంటకూ ఒక సంఖ్య. రంగు, మట్టి రకం, లోతు, దేని పైన ఉంది, దేని కింద ఉంది, ఎవరు రాశారు, ఏ తేదీ. నేను నవ్వాను. అది మా ఎం-బుక్కు! రోడ్ల పనిలో మెజర్‌మెంట్ బుక్కు అంటే గుడిలో విగ్రహంతో సమానం. ఒకసారి రాసిన కొలత చెరపకూడదు. తప్పయితే గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి. పోసిన కంకర తారు కిందికి వెళ్లాక దానికి ఉన్న సాక్ష్యం ఆ పుస్తకం ఒక్కటే. ఇదంతా చెబితే ఆవిడ, "అయితే మనం ఒకే పని చేస్తున్నాం, మీరు పోసేవి రాస్తారు, నేను తీసేవి రాస్తాను" అంది.

అప్పుడు చెప్పాను ఆవిడకు, ఇంట్లో కూడా ఎవరికీ చెప్పని మాట. వీరగల్లు లేపినప్పుడు దాని కింద, కొంచెం పక్కగా, నేల కుంగింది. లోపల కుండలు. లోపలి వైపు నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకులు, వాటి మధ్య ఎముకల్లాంటివి. కూలీలు వెనక్కి జరిగారు. ఊరివాళ్లు పోగైతే పని ఆగుతుంది. ఆగితే వానలు వస్తాయి. "గ్రావెల్ పోసేయండి" అన్నాను. అరగంటలో రోలరు తిరిగింది. రాక్షసగుళ్లలో, అంటే పెద్ద రాళ్లతో కట్టిన పాతకాలపు సమాధుల్లో, ఉండేది అలాంటి కుండలేనని, అవి ఇనుపయుగం నాటివి కావచ్చని ఎన్నో ఏళ్ల తర్వాత తెలిసింది. నా ఎం-బుక్కులో ఆ రోజు గ్రావెల్ ఘనపరిమాణం ఉంది. కుండలు లేవు.

ఆవిడ ఓదార్చలేదు, మందలించనూ లేదు. "చోటు గుర్తుందా?" అని మాత్రం అడిగింది.

ఆరో రోజు: ఆఫర్డ్ క్లూనీ

ఆదివారం. అల్లుడికి సెలవు. "పదండి మామయ్య గారూ, మీ రోడ్డు మీదే తీసుకెళ్తాను" అన్నాడు. కొత్త బైపాస్ మీదుగా వెళ్లి, బక్‌డెన్ వైపు దిగి, నది దాటి ఆఫర్డ్ క్లూనీ చేరాం. రైలు గేటు పడి పది నిమిషాలు ఆగాం. లండన్ నుంచి ఎడిన్‌బరో వెళ్లే ప్రధాన మార్గం అది. పల్లెకు ఉత్తరాన ఏ14 వయాడక్టు నదినీ రైలు పట్టాలనూ ఒకే ఊపులో దాటుతుంది, 750 మీటర్లు. స్తంభాల వరుస చూస్తుంటే గొంతులో ఏదో అడ్డుపడింది. మంచి వంతెన చూస్తే నాకు అలాగే అవుతుంది. ఇంట్లోవాళ్లు నవ్వుతారు.

ఈ ఊరి దగ్గరి తవ్వకంలో, బండ్లబాట పక్క కందకంలో ఒంటరిగా పాతిన ఒక మనిషి దొరికాడు. పక్కన పూస లేదు, పాత్ర లేదు. ఆ అస్థిపంజరానికి పడిన సంఖ్య 203645. మామూలుగా అయితే అక్కడితో కథ అయిపోయేది. చెవి లోపలి గట్టి ఎముకలోంచి డీఎన్‌ఏ తీసి చూశారు. ఫలితం 2023 డిసెంబరులో వచ్చింది. ఈ మనిషి ఇక్కడివాడు కాదు, అతని వాళ్లు నల్లసముద్రం, కాకసస్ ప్రాంతాల సర్మేషియన్లు. క్రీస్తుశకం 126కూ 228కూ మధ్య బతికాడు, 18 నుంచి 25 ఏళ్ల లోపు పోయాడు. 175లో రోమన్లు 5,500 మంది సర్మేషియన్ రౌతులను బ్రిటన్‌కు పంపారని చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు. ఇతను అలాంటి రౌతు ఎవరికో కొడుకై ఉండొచ్చని ఊహ.

పళ్లు ఇంకా ఎక్కువ చెప్పాయి. అయిదారేళ్ల వయసు దాకా ఎండ ప్రాంతంలో చిరుధాన్యాలు తిని పెరిగాడట. తర్వాత పడమటికి వస్తున్నకొద్దీ ఆ తిండి తగ్గి, గోధుమ పెరిగింది. వరిగలో, జొన్నలో, ఆ జాతి ధాన్యం. నేను పదేళ్ల దాకా కొర్రన్నం తిన్నవాణ్ని. నా పళ్లలోనూ అది ఉండే ఉంటుంది. మనవరాలి పళ్లలో ఏముంటుందో తలచుకుంటే, కారు వెనక సీట్లో ఆ క్షణాన అది నములుతున్న బిస్కెట్టు కనిపించింది.

"ఆ కుర్రాడు ఏ వీసా మీద వచ్చాడో" అన్నాడు అల్లుడు. మొదటిసారి అతనికి ఈ రోడ్డు మీద ఆసక్తి కలిగింది.

నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని అనంతపురానికి ఫోను చేశాను. అక్కడ రాత్రి ఏడున్నర. అప్పటి మా వర్క్ ఇన్‌స్పెక్టరు, ఇప్పుడు డెబ్బై దాటినవాడు, రెండో రింగుకే ఎత్తాడు.

"ఆ వీరగల్లు రాయి గుర్తుందా?" అన్నాను.

"గుడి దగ్గర ఉంది కదా సార్. మొన్న ఉగాదికి కూడా పూజ చేశారు."

"రాయి కాదు. అది ముందు ఎక్కడ నిలబడి ఉండేది?"

కాసేపు ఏమీ వినిపించలేదు. కుండలు అతనికీ గుర్తున్నాయని ఆ నిశ్శబ్దంతోనే తెలిసింది.

"కల్వర్టు దాటాక సార్. చింతచెట్టుకు ఎదురుగా."

"ఎడమ వైపు కదా?"

"లేదు సార్, కుడి."

"ఊరి నుంచి వస్తుంటే ఎడమ."

"ఊరి నుంచి వస్తున్నా కుడే సార్. రోలరు నీడ రాయి మీద పడింది, నాకు బాగా గుర్తు. పొద్దుటిపూట."

చింతచెట్టు ఉందా అని అడిగాను. తర్వాత జరిగిన వెడల్పులో అదీ పోయిందన్నాడు. కల్వర్టు కూడా కొత్తది వేశారు, పాతదానికి ఎంత దూరంలో వేశారో కనుక్కుంటానన్నాడు. టేపు తీసుకుని రేపు వెళ్తానన్నాడు, నేను అడగకుండానే.

పక్కన మనవరాలి స్కూలు నోటు పుస్తకం ఉంటే అందులో ఖాళీ పేజీ తీశాను. 1993, కల్వర్టు దాటాక సుమారు 40 అడుగులు, ఎడమ వైపు అని రాశాను. దానిమీద గీత కొట్టి పక్కన సంతకం పెట్టి, కింద మరో వరుసలో కుడి వైపు అని రాశాను.